అడుగున చిల్లున్న కార్డు

కొత్తగా లైబ్రేరియన్ ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవంలోంచి ఒక్క మాట చెప్పండి" అంటుంటారు. ముప్పై ఏళ్ళు దాటి చేసిన ఉద్యోగాన్ని ఒక్క మాటలో చెప్పమంటే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ నిజంగా ఒక్క మాటే చెప్పాలంటే అది అనుమానం. ఆ ఉద్యోగం నాకు బాగా నేర్పింది అదొక్కటే. చొక్కా లోపల పుస్తకం దోపుకున్నవాడి నడక ఎలా ఉంటుందో నాకు తెలుసు. పేజీ బ్లేడుతో కోసేవాడు ముందు దగ్గుతాడు, ఆ దగ్గులో చప్పుడు కలిసిపోవాలని. పేపర్లో ఆటల పేజీ తీసి కుర్చీ కింద దాచుకునే పెద్దమనుషుల్ని గుడివాడలో చూశాను, అవనిగడ్డలో చూశాను, చివరికి బందరులోనూ చూశాను. ఇంటికెళ్ళాక కూడా అవే కళ్ళతో చూస్తానని మా ఆయన దెప్పుతుంటారు. ఆయన ఫ్రిజ్ తలుపు తీసినా నేను తల తిప్పుతానట.

నేను చెప్పబోయే సంగతి నా సర్వీసు చివరి ఏడాదిలో జరిగింది.

బందరులో ఏటా రెండు రోజులు సాహిత్య ఉత్సవం జరిగేది. అందులో జనం ఎక్కువగా వచ్చేది 'రచయితతో ముఖాముఖి'కి. రచయిత ఓ అరగంట మాట్లాడతాడు, తర్వాత ప్రశ్నలు. మొదట్లో ప్రశ్నలకి మైకు జనానికే ఇచ్చేవాళ్ళం. ఒక ఏడాది ఒక పెద్దాయన ప్రశ్న అడుగుతానని మైకు తీసుకుని తను రాసిన శతకం మొదలుపెట్టాడు. అరవై మూడో పద్యం దగ్గర కరెంటు పోయింది కాబట్టి బతికిపోయాం. ఆ మర్నాటినుంచి మైకు బంద్, ప్రశ్నలన్నీ చీటీల మీదే అని నేనే రూలు పెట్టాను.

చీటీలకి కాగితం కొననక్కర్లేకపోయింది. లైబ్రరీ కేటలాగు అంతా కంప్యూటర్లోకి వెళ్ళిపోయాక తెల్లకార్డులు బస్తాలకొద్దీ మిగిలాయి. మందపాటి కార్డులు. సొరుగులో ఇనుప కడ్డీకి గుచ్చడానికి అడుగున ఒక చిల్లు ఉంటుంది. పాత కేటలాగు సొరుగే ఒకటి తెచ్చి హాలు గుమ్మం దగ్గర పెట్టాను. పక్కన పెన్సిల్ని దారంతో బల్లకి కట్టాను, కట్టకపోతే సాయంత్రానికి ఉండదు కనక. అందరూ ప్రశ్న రాసి సొరుగులో వేస్తే, స్టేజి పక్కన చిన్న బల్ల వేసుకుని నేను వాటిని ఏరేదాన్ని. బాగున్నవి పైన వ్యాఖ్యాతకి అందించేదాన్ని. చదవకూడనివి నా రిజిస్టరు కింద పెట్టేసేదాన్ని. ఎవరి ప్రశ్న పైకి వెళ్ళాలో, ఎవరిది వెళ్ళకూడదో నా చేతిలో ఉండేది. ఆ పెత్తనం నాకు ఇష్టంగానే ఉండేదని దాచకుండా చెప్తున్నాను.

ఇక మా అసిస్టెంటు గురించి చెప్పాలి. గుడ్లవల్లేరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఏం చెప్పినా "అలాగేనండీ" అనేవాడు. ప్రతిదానికీ అలాగేనండీ అనే మనిషిని నేను నమ్మలేను. దానికి తోడు, అప్పటికి అయిదేళ్ళ క్రితం నా మీద పై ఆఫీసుకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. నేను సాయంత్రం అరగంట ముందే లైబ్రరీ మూసి ఇంటికెళ్ళి అన్నం వండుకుంటున్నానని దాని సారాంశం. అందులో ఉన్నది నిజమే, అందుకే నాకంత కోపం వచ్చింది. ఉత్తరం టైపు చేసి ఉంది. మా బ్రాంచిలో టైపు వచ్చినవాడు అతనొక్కడే. నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆ రోజునుంచి అతన్ని 'నువ్వు' అనడం మానేసి 'మీరు' అనడం మొదలుపెట్టాను. కోపం వస్తే నాకు మర్యాద ఎక్కువవుతుంది.

ఆ ఏడాది ముఖాముఖికి వచ్చిన రచయిత మా జిల్లావాడే. గూడూరు దగ్గర పల్లెలో ఒక పేద క్రైస్తవ కుటుంబంలో పుట్టి, గుడివాడలో ఒక హాస్టల్లో ఉండి చదువుకుని, పెద్ద ఉద్యోగం చేసి రిటైరవబోతున్నాడు. ఆ హాస్టలు ఇప్పుడు లేదు. దాని జ్ఞాపకాలన్నీ ఒక పుస్తకంగా రాస్తే జనం విరగబడి చదివారు. మా లైబ్రరీలో ఉన్న మూడు కాపీలకీ అట్టలు ఊడిపోయాయి. "జబ్బుపడ్డ నాకు పాలు పోయించి బతికించిన వార్డెనుగారికి" అని దానికి అంకితం. అందులో అందరూ పదే పదే చెప్పుకునేది మాత్రం పాలడబ్బా అధ్యాయం. హాస్టలు వంటామె స్టోరులోంచి పాలపొడి డబ్బా కాజేసి కట్టెల కుప్ప కింద దాస్తే, వార్డెను పిల్లలందరి ముందూ దాన్ని బయటికి తీయించి ఆమెని వెళ్ళగొట్టడం. రచయిత దాన్ని స్టేజిమీద నటించి మరీ చెప్పేవాడు. ఆ వీడియో జనం ఫోన్లలో తెగ తిరిగింది.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి కార్యక్రమం. రెండున్నరకి నేను వరండాలో పుస్తకాల కొట్టు దగ్గర ఉన్నాను. ఎనభైకి దగ్గర పడ్డ ఒక ముసలామె వచ్చింది. ముతక నేత చీర, చంకలో సంచీ, సంచీలోంచి ఎండు రొయ్యల వాసన. ఆ రచయిత పుస్తకం తీసి, తిరగేసి, మళ్ళీ తిరగేసి చూస్తోంది. పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుంది. చదవడం రాని మనిషికి పుస్తకాల కొట్టు దగ్గరేం పని అనిపించింది నాకు. కొట్టు అతని చెవిలో, "ఆ సంచీ మీద ఓ కన్నేసి ఉంచండి" అన్నాను. నా గుసగుస పదిమందికి వినబడుతుందని మా ఆయన అంటారు. ముప్పై ఏళ్ళు 'నిశ్శబ్దం' అని అరిచి అరిచి నా గొంతు అలా అయింది.

ఆమె పుస్తకం ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

హాలు నిండింది. రచయిత ఇంకా మొదలుపెట్టకముందే ముందు వరసల్లోంచి "పాలడబ్బా! పాలడబ్బా!" అని కేకలు. ఆయన నవ్వి కండువా నడుముకి బిగించి వంటామె అయిపోయాడు. "కట్టెలు తీస్తుంటే డబ్బా బయటపడిందండీ. ఆవిడ దాని వంక ఎలా చూసిందనుకున్నారు? అదేంటో ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు!" అని కళ్ళు పెద్దవి చేశాడు. హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నాకో అలవాటుంది, అందరూ నవ్వుతుంటే నవ్వనివాళ్ళు ఎవరా అని చూస్తాను. చివరి వరసలో ఆ ముసలామె ఒక్కతే నవ్వలేదు. పాపం, అర్థమై ఉండదు అనుకున్నాను.

ప్రశ్నల కార్డులు వచ్చాయి. ఏరుతున్నాను. నాలుగోదో అయిదోదో తీయగానే చెయ్యి ఆగిపోయింది. అన్నీ పెన్సిలు రాతలైతే ఇది ఇంకు పెన్ను. చివరి మాట కింద రెండు గీతలు. ఆ రాత నాకు నా రాతంత బాగా తెలుసు. రోజూ రిజిస్టరులో చూసేదే. మా అసిస్టెంటు రాత.

"నీకు టైఫాయిడు వచ్చి నెల్లాళ్ళు పడుకున్నప్పుడు తాగిన పాలు ఎక్కడివి బాబూ?"

నాకు మొహం ఎర్రబడింది. పిలిచి తెచ్చుకున్న అతిథిని పట్టుకుని 'నీకు' అనడమా! బాబూ అని వెటకారమా! ఒకప్పుడు హాస్టలు పాలు తాగి బతికినవాడివి, ఇప్పుడు మా ముందు కండువా వేసుకుని కూర్చున్నావా అని గుచ్చడానికే రాశాడనుకున్నాను. ఆ కార్డు పైన చదివితే పరువు పోయేది నాది. కార్డులు ఏరేది నేనేనని ఊరందరికీ తెలుసు. అతనికి కావలసింది కూడా అదేనని తేల్చుకున్నాను. తల ఎత్తి చూస్తే, తలుపు దగ్గర నిలబడి నా బల్ల వంకే చూస్తున్నాడు. దొరికావులే అనుకుని, అతను చూస్తుండగానే కార్డు రిజిస్టరు కింద పెట్టాను.

ప్రశ్నలు అయిపోయాయి. దండలు, శాలువాలు, ఫోటోలు. ముసలామె నెమ్మదిగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"నా చీటీ రాలేదేంటమ్మా?"

"చాలా వచ్చాయమ్మా. అన్నీ చదవడానికి టైముండదు" అన్నాను ఆమె వంక చూడకుండానే. కార్డుల కట్టకి దారం కడుతున్నాను.

"నాగాయలంక దాటి అవతలనుంచి వచ్చాను. రెండు బస్సులు మారాను."

"వచ్చే ఏడాది ముందు వరసలో కూర్చోండి" అన్నాను. అది ఏం జవాబో నాకు ఇప్పటికీ తెలీదు. ఆమె సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది.

అయిదు నిమిషాలకి మా అసిస్టెంటు వచ్చాడు. నేను సిద్ధంగానే ఉన్నాను.

"మేడమ్, ఆవిడ కార్డు పైకి పంపలేదేమండీ?"

"ఏ ఆవిడ?"

"ఇందాక మీ దగ్గరికొచ్చిన మామ్మగారండీ. రాయడం రాదన్నారు. చెప్పండి, నేను రాసిపెడతానన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశానండీ, ఒక్క అక్షరం మార్చలేదు." కొంచెం ఆగి, "ఆవిడే ఆ వంటామె" అన్నాడు.

రిజిస్టరు కింద చెయ్యి పెట్టి కార్డు తీశాను. అవే అక్షరాలు, అవే రెండు గీతలు. ఇప్పుడు చదివితే అందులో వెటకారం ఎక్కడా లేదు. కన్నబిడ్డని అడిగినట్టు ఉంది. పుస్తకంలో అంకితం గుర్తొచ్చింది.

అసిస్టెంటు చెప్పుకుపోతున్నాడు. ఆ వీడియోలో రచయిత వంటామె ఊరిపేరు కూడా చెప్పాడు. అది వాళ్ళ ఊరికి చేరింది. సముద్రం ఒడ్డున వేటకెళ్ళేవాళ్ళ ఊరు, అక్కడ గుడివాడలో వంట చేసి వచ్చిన మనిషి ఈమె ఒక్కతే. ఎండు చేపలు అమ్ముకుని పిల్లల్ని పెంచి పెద్ద చేసిన మనిషిని ఇప్పుడు ఊరంతా 'డబ్బా ముసల్ది' అంటోంది. మనవరాలి పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు కూడా ఆ వీడియో చూపించి నవ్వారట. అందుకని ఆయన బందరు వస్తున్నాడని తెలిసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. తన ప్రశ్న మైకులో వినబడాలని.

రచయిత గుమ్మం దగ్గర కారెక్కబోతున్నాడు. నా మనసులో ఏం మెదిలిందో కూడా చెప్పేస్తాను. కార్డు ఎక్కడో కింద పడితే ఇప్పుడే దొరికిందని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అసిస్టెంటు పక్కనే ఉన్నాడు కాబట్టి ఆగానో, సిగ్గేసి ఆగానో తెలియదు.

"ఇది మీకు వచ్చిన ప్రశ్నండీ. నేనే దాచాను" అని చేతిలో పెట్టాను.

ఆయన చదివాడు. రెండోసారి చదివాడు. కారు అద్దం మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. "పాలు వార్డెనుగారు పంపించేవారనుకున్నానండీ" అన్నాడు నాతో కాదు, కార్డుతో. "గ్లాసు తెచ్చి పట్టించింది మా వంట పిన్నే. ఎవరు పంపారని నేను అడగలేదు."

ఆయన వచ్చిన కారుకి అడ్డంగా వేరే బండ్లు పెట్టేశారు. ఆమె బస్సు కదిలేలోపు అందుకోవాలని ఆయన, అసిస్టెంటు, నేను ఒకే ఆటోలో బస్టాండుకి వెళ్ళాం. అవనిగడ్డ మీదుగా వెళ్ళే బస్సు ఇంజను ఆన్ చేసి ఉంది. కిటికీ పక్కన ఆమె, ఒళ్ళో సంచీ.

ఆయన ఎక్కి ఆమె ముందు నిలబడ్డాడు. "పిన్నీ" అన్నాడు. హాస్టల్లో పిల్లలంతా ఆమెని అలాగే పిలిచేవాళ్ళట. ఆమె ఎగాదిగా చూసింది.

"బాగా లావయ్యావు" అంది. "అప్పుడు పుల్లలా ఉండేవాడివి. డాక్టరు పాలు తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు. ఆ వార్డెను బార్లీ నీళ్ళు చాల్లే అన్నాడు. స్టోరునిండా డబ్బాలు పెట్టుకుని!"

"మరి ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు పిన్నీ?"

"చెప్తే నీ సీటూ పోయేది. ఒకళ్ళం పోతే చాల్లే అనుకున్నాను. నువ్విట్టా ఊరూరా తిరిగి నన్ను ఆడి చూపిస్తావని నాకేం తెలుసు?"

బస్సులో వాళ్ళంతా వింటున్నారు. ఆయన వంగి ఆమె చెయ్యి పట్టుకుని, తప్పయిపోయింది క్షమించమన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి, ఇంతటితో కథ సుఖాంతం అనుకున్నాను. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇక్కడ కాదు బాబూ. నా చెవిలో చెప్తే మా ఊరోళ్ళకి ఎట్టా వినపడద్ది? ఆ మైకులో చెప్పాల. అందరూ నవ్విన చోటే చెప్పాల." సంచీలోంచి కాగితం పొట్లం ఒకటి సగం పైకి తీసి చూపించింది. "ఎండు రొయ్యలు. నీకని తెచ్చాను. ఇప్పుడివ్వను. చెప్పాక ఇస్తాను." పొట్లం మళ్ళీ లోపలికి తోసేసింది. కండక్టరు రైటన్నాడు. మేం దిగాం.

ఆయన ఆ రాత్రి రైలు మానుకుని బందరులోనే ఉండిపోయాడు. మర్నాడు పొద్దున వేరే రచయిత కార్యక్రమం ఉంటే, ఆ రెండో రచయిత కాళ్ళావేళ్ళా పడి పావుగంట సంపాదించాం. నిన్నటి జనమే చాలామంది వచ్చారు. వ్యాఖ్యాతని పక్కకి జరగమని మైకు ముందుకి నేనే వెళ్ళాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో మైకులో మాట్లాడడం అదే మొదలు.

"ఇది నిన్న వచ్చిన ప్రశ్న. నిన్న నేను చదవనివ్వలేదు" అని కార్డు ఎలా ఉంటే అలా చదివాను, 'నీకు'తో, 'బాబూ'తో సహా. పాలు అన్న మాట వినగానే నవ్వడానికి సిద్ధమైపోయిన నాలుగు గొంతులు కిసుక్కుమన్నాయి. తర్వాత ఆగిపోయాయి.

రచయిత కండువా తీసి కుర్చీమీద పెట్టి లేచాడు. నటించలేదు. "ఆ డబ్బా నా కోసం తీసింది. నేను తాగాను. నేను బతికాను. ఆవిడ ఉద్యోగం పోయింది. నలభై ఏళ్ళ తర్వాత ఆవిడ ఊరిపేరు చెప్పి మిమ్మల్ని నవ్వించాను. పుస్తకం అంకితం తప్పు మనిషికి ఇచ్చాను. ఆవిడ దొంగ కాదు" అన్నాడు. తర్వాత ఆమె పేరు, ఇంటిపేరుతో సహా, రెండుసార్లు పలికాడు. మా అసిస్టెంటు అదంతా ఫోనులో తీసి ఆమె కూతురి ఫోనుకి పంపించాడు.

ఆ తర్వాత ఒక పదిరోజులు నేను గాల్లో తేలాను. ఎంత మంచిపని చేశానో మా ఆయనకి రోజుకోసారి చెప్పాను. దాచింది కూడా నేనే అన్న సంగతి చెబుతున్నకొద్దీ కథలో చిన్నదైపోయింది.

పదకొండో రోజున అసిస్టెంటు ఒక చిన్న మూట తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. సెలవు పెట్టి నాగాయలంక వైపు వెళ్ళొచ్చాడట. మూటలో ఉన్న రొయ్యల పొట్లాన్ని రచయితకి పంపమని ముసలామె ఇచ్చిందట. వీడియో ఊరంతా చూశారని, పెళ్ళి సంబంధం వాళ్ళు మళ్ళీ వచ్చారని చెప్పాడు. నాకు సంతోషమేసింది. ఆ ఊపులోనే అయిదేళ్ళుగా కడుపులో పెట్టుకున్నది అడిగేశాను.

"నిజం చెప్పు. ఆ ఉత్తరం రాసింది నువ్వేనా?"

'నువ్వు' విని అతను ఉలిక్కిపడ్డాడు. "ఏ ఉత్తరమండీ?" అన్నాడు. ఆ మొహం చూస్తే ఇప్పటికీ నాకు సగం అనుమానమే. అలవాటు ఎక్కడికి పోతుంది!

అతను మాత్రం వెళ్ళకుండా నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి ఒక కార్డు తీశాడు. అడుగున చిల్లున్న కార్డే. "మామ్మగారు మీక్కూడా ఒక ప్రశ్న రాయించారండీ. చెప్పింది చెప్పినట్టు రాశాను" అని బల్లమీద బోర్లా పెట్టి, నా మొహం చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

కృతజ్ఞతలేమో అనుకుని నవ్వుకుంటూ తిప్పాను.

"పుస్తకాల కొట్టు దగ్గర నా సంచీ మీద కన్నేసి ఉంచమంది నువ్వే కదమ్మా?"

కింద రెండు గీతలు.

నేను రిటైరయ్యాను. ఆ కార్డు నాతోపాటు ఇంటికి వచ్చింది. ఎన్నోసార్లు బస్సెక్కి వెళ్ళి చెప్పి వద్దామనుకున్నాను. కానీ ఆమె ఇంట్లో, ఆమె చెవిలో చెప్పే జవాబు ఆమె ఒప్పుకోదని నాకు తెలుసు. పదిమందికీ వినబడేలా అన్న మాటకి పదిమందికీ వినబడేలానే జవాబు చెప్పాలి. నాకిప్పుడు మైకు లేదు, ఈ కాగితం ఉంది. పిల్లలూ, ఒక్క మాట చెప్పమంటారుగా, మీ ముందు ఆమెకే చెబుతున్నాను.

అవును పెద్దమ్మా, నేనే.